గోదారిలో తన మట్టిని వెతుక్కున్న లోవమ్మ

ఇలా దగ్గరికి జరుగు, అమ్మలూ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నా కథ అక్కడే కూలబడిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, నాలుగు పక్కలా గోదారే ఉన్న ఊళ్ళో, లోవమ్మ అని ఒక రైతు ఇల్లాలు ఉండేది. ఆ ఊరి పేరు బొంతలంక. లంక అంటే తెలుసుగా, ఏటి మధ్యలో లేచిన నేల. అక్కడ బొంత అరటి విరగకాసేది, అందుకని ఆ పేరు.

ఇది ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఇంకా కట్టని రోజుల మాట. అప్పటికి పెద్ద కాలవలూ లేవు, లాకులూ లేవు. గోదారి తనకి ఎటు బుద్ధి పుడితే అటు నడిచేది. ఏడుగురు ఋషులు ఏడు పాయలుగా చీల్చి తీసుకెళ్ళారట ఆ తల్లిని సముద్రానికి. అందులో ఒక పాయ మధ్యనే ఉండేది మన బొంతలంక.

లోవమ్మ మొగుడు గంగయ్య. అతనికి చిన్న పడవ ఉండేది. జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అత్తగారు అప్పాయమ్మ. ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనేవి కావు గాని, ఏటి చప్పుడు విని నీళ్ళు ఎంత పెరిగాయో చెప్పేసేది.

ముగ్గురికీ కలిపి ఒక చెక్క నేల. లంకకి తూర్పు అంచున ఉండేది. దాన్ని లోవమ్మ పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేది. వంగ నాటేది, మిరప నాటేది, గట్టు పొడుగునా అరటి పిలకలు పెట్టేది. చేను మధ్యలో నిలబడి గుప్పెడు మట్టి తీసి నలిపితే, అది వేళ్ళ మధ్య వెన్నలా జారేది.

అయితే ఏటేటా ఆషాఢం చివర గోదారికి ఎర్రనీరు వచ్చేది. శ్రావణంలో వరద.

ఒక ఏడు వరద వచ్చింది. గట్టు మీది అరటి చెట్లు వరసగా ఏట్లోకి ఒరిగిపోయాయి. పోతే పోయాయి, మళ్ళీ పిలకలు నాటుకుందాం అనుకుంది లోవమ్మ.

ఆ తర్వాతి ఏడు మళ్ళీ వచ్చింది. ఈసారి పశువుల పాక పోయింది. గేదెని ముందే విప్పేశారు కాబట్టి అది బతికింది.

ఆ తర్వాత మూడో ఏడు. లోవమ్మ తెల్లారి లేచి వెళ్ళి చూస్తే చేను సగమే ఉంది. చూస్తుండగానే నేల మీద సన్నగా బీట తీసింది. ఆ బీట వెడల్పయింది. పెద్ద రొట్టె ముక్క విరిచినట్టు, కాపుకొచ్చిన వంగ మొక్కలతో సహా నేల ఏట్లో పడింది. మధ్యాన్నానికి ఇంక చేను లేదు.

లోవమ్మ ఏడవలేదు. గోదారి మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళు పసుపూ కుంకుమా వేసి మొక్కితే ఇదా నువ్వు చేసే పని, అని మనసులో తిట్టుకుంది. వారం రోజులు ఏటి వైపు తిరిగి కూర్చోలేదు.

గంగయ్య అప్పుడు నెమ్మదిగా ఒక మాట అన్నాడు. మెట్టలో తన మేనమామ ఉన్నాడు, అక్కడికి పోదాం అన్నాడు. అక్కడ జొన్న పండుతుంది, నేల ఎక్కడిది అక్కడే ఉంటుంది, రోజూ కాళ్ళ కింద చూసుకోనక్కర్లేదు అన్నాడు. లోవమ్మ లేచి గేదెకి గడ్డి వెయ్యడానికి పోయింది.

నీళ్ళు తీశాయి. భాద్రపదం పోయి ఆశ్వయుజం వచ్చింది. ఒకరోజు లోవమ్మ ఏటి అంచుకి వెళ్ళింది, మిగిలిన అరటి దుంపలేమైనా దొరుకుతాయేమోనని. అక్కడ చూస్తే తెగిన గట్టులో ఒక వింత కనపడింది.

కాల్చిన మట్టి వరలు, ఒకదాని మీద ఒకటి పేర్చినవి, తాడిచెట్టు మొదలంత లావున నిలువుగా నిలబడి ఉన్నాయి. చుట్టూ మన్ను కొట్టుకుపోయి అవి మాత్రం మిగిలాయి. అదొక బావి. ఎప్పటిదో పాత బావి. దాని పాదాల దగ్గర నల్లటి కుండ పెంకులూ, విరిగిన శంఖపు గాజు ముక్కా ఉన్నాయి. ఆ గాజు చిన్న చేతిది, ఆడపిల్లది.

లోవమ్మ ఆ గాజు ముక్క తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. అప్పాయమ్మ దాన్ని వేళ్ళతో తడిమి తడిమి చూసింది. ఇటువంటివి మీ మావగారి రోజుల్లో కూడా ఒకసారి బయటపడ్డాయి అంది. ఎప్పుడో మన తాతల తాతలకీ ముందు ఇక్కడ జనం ఉన్నారు, ఓడలెక్కి దేశాలు తిరిగిన వాళ్ళట, వాళ్ళు నీళ్ళు తోడుకున్న బావి ఇది అంది.

"మరి వాళ్ళ ఊరు ఏమైంది అత్తా?" అని అడిగింది లోవమ్మ.

"గోదారి దాని మీద మన్ను కప్పింది. ఆ మన్ను మీద మనం ఇల్లు కట్టుకున్నాం. అది ఊరికే తీసుకుపోయే రకం కాదే అమ్మాయ్. ఇక్కడ తీసింది ఎక్కడో పెడుతుంది. ఎక్కడ పెడుతుందో నాకు తెలీదు. నేను ఈ లంక దాటి ఎన్నడూ దిగువకి పోలేదు."

ఆ మాట లోవమ్మ చెవిలో పడింది గాని, చెవిలోనే ఉండిపోలేదు. వంట చేస్తుంటే అదే, నీళ్ళు తెస్తుంటే అదే. నా చేను మన్ను ఎక్కడికి పోయింది? ఎక్కడో పెట్టి ఉంటే ఎక్కడ పెట్టింది?

అప్పుడు మొగుణ్ణి అడిగింది. మెట్టకి పోయే ముందు ఒక్కసారి నన్ను దిగువకి తీసుకెళ్ళు మావా, నా మన్ను ఎక్కడుందో చూసి వస్తాను అంది. గంగయ్యకి నవ్వొచ్చింది. కాని పెళ్ళాం నవ్వడం లేదు. అతను పడవ నడిపే గడ తీసుకుని కట్టు విప్పాడు.

కార్తీక మాసం. నీళ్ళు తేటబడ్డాయి. పడవ మెల్లగా వెళ్తోంది.

మొదట వాళ్ళకి ఒక తెప్పల మనిషి కనపడ్డాడు. పై కొండల్లో కొట్టిన దుంగల్ని తెప్పగా కట్టి ఏటి మీద దించుకుని వస్తాడు. ఒడ్డున ఆగి గంజి కాచుకుంటున్నాడు. లోవమ్మ అతన్ని అడిగింది, అన్నా, ఈ ఏరు మోసుకొచ్చే మన్ను ఎక్కడిది అని.

అతను తెప్ప సందుల్లో పేరుకున్న బురద వేలితో తీసి చూపించాడు. ఈ నల్లటిది పడమటి దేశంలోది, నాసిక దగ్గర కొండ మీద ఈ తల్లి పుట్టిందట, అక్కడి నుంచి నల్లరేగడి మోసుకొస్తోంది అన్నాడు. ఈ ఎర్రటిది మా అడవుల్లోది అన్నాడు. ప్రాణహిత తెచ్చిందీ, ఇంద్రావతి తెచ్చిందీ, శబరి తెచ్చిందీ అన్నీ కలిసిపోతాయి, పాపికొండలు దాటాక ఎవరిది ఏదో ఇంక చెప్పలేం అన్నాడు. లోవమ్మ ఆ బురదని తన వేళ్ళ మధ్య నలిపి చూసింది. అచ్చం తన చేనులో మట్టిలాగే జారింది.

ఆ తర్వాత ఇంకా దిగువకి వెళ్ళారు. అక్కడ ఒక ముసలి జాలరి ఎండలో వల బాగుచేసుకుంటున్నాడు. అతన్నీ అడిగింది. ఏటి మన్ను ఎంత దూరం పోతుంది తాతా అని.

సముద్రంలోకి ఆమడ దూరం పోతుందమ్మా అన్నాడు అతను. వరద రోజుల్లో సముద్రం నడుమ కూడా గోదారి ఎర్రగా కనపడుతుందట. అప్పుడు విలస చేప ఉంది చూడు, అది ఆ ఎర్రనీటి వాసన పట్టుకుంటుంది. పట్టుకుని ఉప్పునీరు వదిలేసి, ఎదురీదుకుంటూ ఏరెక్కుతుంది. ఏరెక్కి మన తీపి నీళ్ళు తాగాక దాన్ని పులస అంటాం. నీ చేను వాసన పట్టుకునే ఎన్ని చేపలు పైకి వచ్చాయో ఈ ఏడు, అని నవ్వాడు. లోవమ్మకి కూడా నవ్వొచ్చింది. చేను పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఇంకా ఇంకా దిగువకి వెళ్ళారు. నీళ్ళు ఉప్పగా అయ్యాయి. గాలి ఉప్పగా అయింది. అక్కడ మడ అడవి వచ్చింది. అమ్మలూ, నువ్వు ఆ అడవి చూడాలి. చెట్లన్నీ బురదలో నిలబడి ఉంటాయి. వాటి వేళ్ళు కిందికి పోకుండా, చీపురుపుల్లల్లా బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి ఊపిరి పీల్చుకునే వేళ్ళు.

ఆ బురదలో పోలమ్మ అనే ఒక ఆవిడ పీతలు పట్టుకుంటోంది. నడుముకి బుట్ట కట్టుకుంది, మోకాళ్ళ దాకా బురద. లోవమ్మ పడవలోంచే తన గోడు చెప్పుకుంది.

పోలమ్మ లేచి నిలబడి నడుం సరిచేసుకుంది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇక్కడంతా సముద్రమే అంది. మా తాత ఇక్కడే ఓడలకి తాళ్ళు కట్టేవాడట, ఇప్పుడు చూడు, ఓడ రావాలంటే అదిగో అంత దూరం అవతల ఆగాలి అంది. మరి ఇంత నేల ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగింది లోవమ్మ.

"మీ బోటి వాళ్ళ చేల నుంచి వచ్చిందమ్మా. వేళ్ళున్న చోట మన్ను నిలబడుద్ది. మడ చెట్టు నీళ్ళకి అడ్డం పడదు. పొమ్మని దారి ఇస్తది. నీళ్ళు ఆ వేళ్ళ సందుల్లో తిరిగి తిరిగి అలిసిపోయి, మోసుకొచ్చిన మన్ను దించేసి పోతాయి. మేం చేసిందేం లేదు, చెట్టు కొట్టకుండా ఊరుకున్నాం అంతే."

ఈ అడవే మా గోడ కూడాను అని చెప్పింది పోలమ్మ. తుఫాను వచ్చి సముద్రం లేచినప్పుడు, అలలు ఈ చెట్ల మధ్య పడి సగం బలం పోగొట్టుకుంటాయి, అందుకే మా గుడిసెలు నిలబడుతున్నాయి అంది. నాలుగు పీతలు ఆకులో చుట్టి లోవమ్మకి ఇచ్చింది. ఏమీ పుచ్చుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు గంగయ్య గడ వేస్తుంటే లోవమ్మ రెండు ఒడ్లూ చూసుకుంటూ కూర్చుంది. బొంతలంక కనపడే వేళకి, ఆ ఊరికీ ఎదురు ఒడ్డున ఉన్న ఈతగట్టు అనే ఊరికీ మధ్య, నీళ్ళలో ఒక ఇసుక మేట కనపడింది. మేట అంటే ఏరు పోసిన దిబ్బ. నీళ్ళు తీశాక పైకి తేలుతుంది, వరదలో మునిగిపోతుంది. దాని మీద కొంగలు తప్ప మరేవీ వాలేవి కావు.

"మావా, ఇక్కడ ఆపు," అంది లోవమ్మ. దిగి, ఇసుక మీద చివరిదాకా నడిచి వచ్చింది. "మనం మెట్టకి పోవద్దు. ఇక్కడ నేను రెల్లు నాటుతాను. నా మన్ను నేను పట్టుకుంటాను."

గంగయ్య కూడా దిగి మేట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. చివరికి మూడు వరదలు చూద్దాం అన్నాడు. మూడో వరదకి కూడా ఏమీ నిలవకపోతే మూటాముల్లె కట్టుకుని తన వెనక మెట్టకి రావాలి అన్నాడు. లోవమ్మ సరేనంది. ఇంటికొచ్చి చెబితే, దీనికి నేను సాక్షి అంది అప్పాయమ్మ.

మొదటి ఏడు లోవమ్మ ఆ మేటకి ఎగువ కొసన, ప్రవాహానికి ఎదురుగా, వెదురు తడికలు దట్టంగా పాతింది. వెనక రెల్లు దుబ్బులు నాటింది. చేతులు బొబ్బలెక్కాయి. శ్రావణంలో వరద వచ్చింది. తడికల్ని ఒక్క తోపు తోసింది. రెల్లుతో సహా అన్నీ పోయాయి. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. లోవమ్మ గోదారికి తడికల తలుపు పెట్టిందట అని చెప్పుకున్నారు.

రెండో ఏడు తడికలు పెట్టలేదు. దిగువ వైపు, నీళ్ళ జోరు తక్కువగా ఉండే చోట రెల్లు మాత్రం నాటింది. వరద వచ్చింది, పోయింది. చూస్తే మూల మీద నాలుగు దుబ్బులు నిలబడి ఉన్నాయి. వాటి మొదట్లో పిడికెడంటే పిడికెడు ఒండ్రు మట్టి. లోవమ్మ ఆ పిడికెడూ కొంగున కట్టి తెచ్చి అత్తగారికి చూపించింది. అప్పాయమ్మ వాసన చూసి, కొత్త మన్నే, అంది.

మూడో ఏడు వచ్చింది. లోవమ్మకి రాత్రీ పగలూ అదే ధ్యాస. పోలమ్మ చెప్పిన మాట మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. మడ చెట్టు నీళ్ళకి అడ్డం పడదు, దారి ఇస్తుంది. తను మొదటి ఏడు చేసిన తప్పు ఏమిటో అప్పుడు తెలిసింది. ఈసారి ఈత మట్టలూ తుమ్మ కర్రలూ తెచ్చి, మనిషి దూరేంత సందులు వదిలి, ఒక్కొక్కటీ విడివిడిగా పాతింది. నాలుగు వరసలు పాతింది. వరసకీ వరసకీ మధ్య రెల్లు. గంగయ్య ఏమీ అనకుండా తనే పడవ నిండా రెల్లు దుబ్బులు తెచ్చి పోశాడు. అడిగితే, పడవ ఖాళీగా వస్తోంది కదా, అన్నాడు.

ఆ ఏడు వరద చాలా పెద్దది. ఏడు రోజులు మేట కనపడలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న అప్పాయమ్మ అరుగు మీద కూర్చుని చెవి ఒగ్గి విని, నీళ్ళు ఎక్కడో దేనికో ఒరుసుకుని పోతున్నాయే, కొత్త చప్పుడు వస్తోంది అంది.

లోవమ్మ పరిగెత్తింది. నీళ్ళ మధ్యలో రెల్లు కొసలు ఆకుపచ్చగా పైకి లేచి ఊగుతున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు వరసలూ ఉన్నాయి. నీళ్ళు తీశాక దిగి చూస్తే, మోకాలి లోతు ఒండ్రు. నల్లగా, మెత్తగా, తేమగా ఉంది. లోవమ్మ అందులో కాలు దింపి అలాగే నిలబడిపోయింది. మూడేళ్ళ తర్వాత తన నేల మీద తను నిలబడింది. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి.

గంగయ్య మెట్ట ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆ కార్తీకంలో లోవమ్మ అక్కడ పెసలు చల్లింది, దోస పెట్టింది, పుచ్చ పెట్టింది. కొత్త ఒండ్రు కదా, ఎరువు అక్కర్లేదు. విత్తనం వేలితో గుచ్చితే చాలు, మూడో రోజుకి తల ఎత్తింది.

అయితే అమ్మలూ, ఏరు ఒక చోట పెట్టిందంటే ఇంకో చోట తీసిందన్నమాట. ఆ సంగతి లోవమ్మ సంబరంలో మర్చిపోయింది.

మొక్కలు జానెడు ఎత్తు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున్న, ఈతగట్టు నుంచి అయిదు పడవలు వచ్చాయి. ముందు పడవలో ఆ ఊరి పెదకాపు సూరన్న. తెల్లటి మీసాలు, ఎత్తైన మనిషి. ఆయన వెనక నాగళ్ళు, కాడెద్దులు, పదిమంది మగాళ్ళు. ఈ మేట మా గట్టుకి ఎదురుగా లేచింది, ఇది మా ఊరిది అన్నాడు ఆయన. ఎద్దులు దిగాయి. ముందు కాలు దోస తీగ మీదే పడింది.

ఆ సంగతి తెలిసి బొంతలంక మగాళ్ళు కూడా కర్రలు తీసుకుని పడవలెక్కి వచ్చేశారు. మేటకి ఈ కొసన వీళ్ళు, ఆ కొసన వాళ్ళు. ఒక్క మాట జారితే తలలు పగిలేలా ఉంది. గంగయ్య చేతిలో కూడా గడ ఉంది. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, గడ తిరగేసి పట్టుకున్నాడు.

లోవమ్మ రెండు గుంపుల మధ్యకీ నడిచి వెళ్ళింది. వెళ్ళి ఎద్దుల కాడి పట్టుకుంది.

"పెదకాపు గారూ, దున్నే ముందు ఒక్క మాట చెప్పండి. ఎవరి కోసం దున్నుతున్నారు?"

సూరన్న ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. ఆయన చెయ్యెత్తి వెనక్కి చూపించాడు. చివరి పడవలోంచి ఇంకా ఎవరూ దిగలేదు. అందులో నాలుగు కుటుంబాల వాళ్ళు కూర్చుని ఉన్నారు. మొన్నటి పెద్ద వరదకి ఈతగట్టు కింది చేలు కోతపడి ఏట్లో కలిసిపోయాయట. ఆ నలుగురికీ గింజ పండించుకునే చోటు లేదట. ఊరి పెద్దగా వాళ్ళకి నేల చూపించాల్సిన బాధ్యత తనది, అందుకే వచ్చాను, నా కోసం కాదు, అన్నాడు సూరన్న.

ఆ పడవలో ఒక ఇల్లాలు ఉంది. ఒళ్ళో పార పెట్టుకుని కూర్చుంది. ఎవరి వైపూ చూడడం లేదు, ఏటి వైపూ చూడడం లేదు. ఏటికి వీపు పెట్టి కూర్చుంది.

లోవమ్మ కూడా ఒకప్పుడు అలాగే కూర్చుంది, వారం రోజులు. కాని అమ్మలూ, నిజం చెప్పొద్దూ, వెంటనే ఇచ్చెయ్యాలని ఏమీ అనిపించలేదు ఆమెకి. మూడేళ్ళ చాకిరీ కళ్ళ ముందు తిరిగింది. బొబ్బలెక్కిన చేతులు, నవ్విన నోళ్ళు, కొంగున కట్టి తెచ్చిన పిడికెడు మన్ను. ఇది నాది, నేను పట్టుకున్నది, అని నాలిక చివరిదాకా వచ్చింది. కాడి మీద పట్టు ఇంకా బిగించింది.

అప్పుడు కాడి వదిలేసింది. ఎగువ కొస నుంచి మధ్యదాకా నడుచుకుంటూ వెళ్ళి, మడమతో నేల మీద ఒక గీత గీసింది. గీతకి ఇవతల తన మొక్కలు. అవతల ఇంకా విత్తు వెయ్యని ఒండ్రు, సగానికి పైనే ఉంది. ఆ సగం ఆ నలుగురూ చేసుకోవచ్చు అంది. అయితే మొక్కల మీద ఎద్దులు నడవకూడదు, రెల్లు ఒక్క దుబ్బు కూడా పీకకూడదు, పై ఏడు కర్రలు పాతడానికి నాతో పాటు వాళ్ళూ రావాలి అంది.

సూరన్న వాళ్ళు ఒప్పుకునేలోపే బొంతలంక వాళ్ళు గొడవకి దిగారు. కొట్టుకుపోయింది మన లంక మన్ను, పేరుకున్నది మన మన్ను, దాన్ని ఆ ఊరికి ఇవ్వడానికి నువ్వెవరు అన్నారు.

లోవమ్మ తన ఊరివాళ్ళ వైపు తిరిగింది.

"మన మన్ను అంటున్నారు. మనకి అది ఎక్కడిది? రేపు నాసిక దగ్గర రైతు ఎవరైనా వచ్చి, నా నల్లరేగడి నాకు తవ్వి ఇమ్మంటే, మీరూ నేనూ ఎక్కడ నిలబడతాం?"

కర్రలు పట్టుకున్న చేతులు ఏం చెయ్యాలో తెలియక వేలాడాయి. అప్పుడు సూరన్న నవ్వాడు. తెల్లమీసాల చాటున మొదలైన నవ్వు, పొట్ట దాకా దిగింది. ఆయన నవ్వితే ఎద్దులు తోలుకొచ్చినవాళ్ళు నవ్వారు. చివరికి బొంతలంక వాళ్ళు కూడా నవ్వారు. గంగయ్య గడ నిటారుగా నేలలో గుచ్చాడు.

ఆ తర్వాత సూరన్న ఏట్లోకి దిగాడు. దోసిట్లో గోదారి నీళ్ళు తీసుకుని, రెండు ఊళ్ళూ వినేలా ఒక కట్టుబాటు పెట్టాడు. కోతపడిన వాడికే మేట. ఏ ఊరివాడైనా సరే, ఆ ఏడు ఎవడి నేల ఏట్లో పోయిందో, కొత్తగా లేచిన నేల మీద ముందు వాడికే చోటు. బొంతలంక పెద్ద కూడా దిగి, దోసిలి పట్టి, అలాగే అన్నాడు.

"ఆయ్, అలాగేనండి," అంది పడవలో కూర్చున్న ఆ ఇల్లాలు. అందరికంటే గట్టిగా అంది. అని, పార పట్టుకుని దిగింది. ఆమె పేరు అచ్చాయమ్మ. ఆ తర్వాత లోవమ్మకీ ఆమెకీ ఎంత స్నేహం కుదిరిందంటే, ఒకరు లేకుండా ఒకరు అన్నం తినేవారు కాదు.

ఆ ఏడు పుచ్చకాయలు ఎంత కాశాయో చెప్పనా? పడవలో వేస్తే పడవ అంచు నీళ్ళకి జానెడే మిగిలింది. పెసలు గాదెలకి ఎత్తారు. ఆ మరుసటి ఏడు అందరూ కలిసి కర్రలు పాతారు. రెండు ఊళ్ళ వాళ్ళూ, ఒకే వరసలో, ఒకరి కర్ర ఒకరు అందిస్తూ పాతారు. మేట పెరిగింది. మూడేళ్ళకి దాని మీద పాకలు వేసుకున్నారు. అరటి వేశారు, కొబ్బరి వేశారు. అప్పటికి దాన్ని ఎవరూ మేట అనడం లేదు. లోవమ్మలంక అంటున్నారు.

పల్లపు వైపు తొలిసారి వరి పండిన రోజున పెద్ద పండగ చేసుకున్నారు. ఈతగట్టు వాళ్ళు మజ్జిగ తెచ్చారు, బొంతలంక వాళ్ళు అరటి ఆకులు తెచ్చారు. గంగయ్య వెళ్ళి వాళ్ళమ్మని పడవలో కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. అప్పాయమ్మ చేతికర్ర పక్కన పడేసి, నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత ఏటి చప్పుడు కాసేపు వింది. చుట్టూ జనం ఆవిడ ఏమంటుందా అని చూస్తున్నారు.

"బాగుందే అమ్మాయ్," అంది అప్పాయమ్మ. "నా మంచం ఎటు వేస్తావు?"

అందరూ బంతిలో కూర్చున్నారు. సూరన్న పక్కనే గంగయ్య. లోవమ్మ కొత్త బియ్యం అన్నం, వేడివేడిది, ముందు ఒక ముద్ద తీసి గోదారిలో వేసింది. వేసి, ఏటి వైపే తిరిగి కూర్చుని తన విస్తరి ముందుకి లాక్కుంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి పైన ఆనకట్ట వచ్చింది. రాళ్ళు మోసిన వేలమందిలో ఆ లంక పిల్లలు కూడా ఉన్నారు. కాలవలు తవ్వారు, లాకులు కట్టారు. గోదారి నీళ్ళు సందు సందుకీ, మడి మడికీ వెళ్ళాయి. ఒకప్పుడు కరువులతో మాడిన సీమ, వరి కంకులతో తల వంచుకుని నిలబడింది. ఇందాక నువ్వు తిన్న పెరుగన్నం కూడా ఆ ఒండ్రు మట్టిదే. నాసిక నల్లమన్నూ, అడవి ఎర్రమన్నూ, లోవమ్మ చేను మన్నూ అన్నీ కలిస్తే అయిన అన్నం అది.

ఏంటి, ఊఁ కొట్టడం మానేశావు? కళ్ళు మూసుకుపోతున్నాయా? ఇంకేం లేదులే, అయిపోయింది.

ఏరేమో కడలికి,
ఒండ్రేమో లంకకి,
పులసేమో ఎగువకి,
పడవేమో రేవుకి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నా చిట్టితల్లేమో నిద్దరకి.